మామగారికి వినపడాలి

ఆ ఆదివారం పొద్దున ఆడిటరు వేసుకున్న ప్రణాళిక చాలా సాదాసీదాది. కాఫీ తాగాలి. హాల్లో పాటల సెట్టు ఉన్న బల్ల మీద దుమ్ము తుడవాలి. యాంప్లిఫయరు పక్కన, గ్రామఫోను రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ పెట్టి దాని తీగలు తగిలించాలి. ఒక చిన్న రికార్డు వేసి, పాట వస్తోందని రూఢి చేసుకుని, స్నానం చేసి మామగారి కోసం ఎదురు చూడాలి. ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందనుకున్నాడు. జీవితమంతా ఎదుటివాళ్ల లెక్కల్లో తప్పులు పట్టేవాడికి తన లెక్క కూడా తప్పవచ్చునని తోచదు.

టర్న్‌టేబుల్ మామగారిది. ఆయన బట్టల మిల్లులో మగ్గాల షెడ్డుకి సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ మోతలో ఆయన చెవులు కాస్త మందగించాయి. అందుకు బదులన్నట్టు గొంతు పెరిగింది. ఆయన ఎవరికైనా రహస్యం చెబితే, బయటికి పొక్కనివ్వబోమని పక్క వీధివాళ్ల చేత కూడా ఒట్టు వేయించుకోవాల్సి వచ్చేది. ఆయన దగ్గర ఒకే ఒక్క రికార్డు ఉంది. ఎప్పుడో మిల్లు క్లబ్బువాళ్లు, పాడుతుంటే నేరుగా రికార్డు మీదే గొంతు చెక్కే యంత్రం ఒకటి తెప్పించారు. అప్పుడు ఆయన భార్య పాడిన జోలపాట అందులో ఉంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

మామగారి యాంప్లిఫయరు కాలిపోయాక ఆ టర్న్‌టేబులూ రికార్డూ పెట్టెలోకి, పెట్టె మంచం కిందికి చేరాయి. పోయిన వారం ఆయనకి ఉన్నట్టుండి ఏం తోచిందో, ఆ పెట్టెని రెండో కూతురింటికి పంపించి ఫోన్ చేశారు. ఆడిటరు ఫోను చెవికి కాస్త ఎడంగా పట్టుకుని విన్నాడు.

"ఆదివారం భోజనానికి వస్తున్నా. మీ అత్తగారి పాట నాకు వినపడాలి. వినపడిందా, ఆ మిషను మీ ఇంట్లోనే ఉంటుంది. వినపడలేదా, పెద్దల్లుడింటికి పోతుంది. అంతే!"

పెద్దల్లుడు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే అతనికి వస్తువులంటే వల్లమాలిన ప్రేమ. హాల్లో గోడ పొడుగునా ఒక అద్దాల పెట్టె చేయించుకున్నాడు. నచ్చిన వస్తువుని అందులో పెట్టి తాళం వేస్తాడు. ఆ పెట్టెలోకి వెళ్లిన వస్తువు మళ్లీ బయటి గాలి పీల్చిన దాఖలా లేదు.

ఆడిటరు తీగలు తగిలించి, రికార్డు వేసి, ముల్లు ఆనించాడు. రికార్డు తిరిగింది. స్పీకర్లలోంచి, సీసాలో పెట్టి మూత బిగించిన దోమ పాడినట్టు ఏదో వినిపించింది. వాల్యూమ్ మరని పూర్తిగా, ఇక తిరగనంత వరకూ తిప్పాడు. దోమ మూతకి కాస్త దగ్గరగా వచ్చింది.

వంటింట్లోంచి భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో కంటి పరీక్షలు చేస్తుంది. "అమ్మేనా అది?" అంది.

"అత్తయ్యగారే. ఇంకా గొంతు సర్దుకుంటున్నారు."

"వెనకాల తీగలు సరిగ్గా పెట్టారా? నన్నొకసారి చూడనివ్వండి."

"పాత టేపు రికార్డరు ఏ కన్నాల్లో పెట్టేవాళ్లమో వాటిలోనే పెట్టాను. ఇన్నేళ్లూ అక్కడే పెట్టాం. ఏ ఇబ్బందీ రాలేదు."

ఆడిటరు వృత్తిలో ఇంతకు మించిన రుజువు లేదు. పోయినేడు ఎలా చేశారో ఈ ఏడూ అలాగే చేస్తే ఎవరూ ఏమీ అడగరు. అందువల్ల తీగల జోలికి వెళ్లకుండా, మామగారు కూర్చోబోయే కుర్చీని హాలు మధ్యకి లాగి, రెండు స్పీకర్లనీ తెచ్చి దానికి చెరోవైపు నిలబెట్టాడు. తను కూర్చుని చూశాడు. ఇప్పుడు రెండు దోమలు వినిపించాయి.

అప్పుడు ఆడిటరు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, హాల్లో పచార్లు మొదలుపెట్టాడు. ఆదాయం పెరిగే ఆశ లేని కంపెనీ యజమాని ఎదురుగా కూర్చుని ఏడిస్తే అతను చెప్పే సలహా ఒక్కటే: ఖర్చు తగ్గించు. శబ్దానికైనా అదే సూత్రం అనిపించింది. పాట పెరగనంటోంది కాబట్టి మిగతా చప్పుళ్లు తగ్గాలి. ఇంత తేలిక విషయం తనకి ముందే ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాడు కూడా.

ముందు ఫ్యాను ఆపాడు. తరవాత ఫ్రిజ్. గోడ గడియారంలోంచి బ్యాటరీ పీకేశాడు. కారే కుళాయికి గుడ్డ చుట్టాడు. వంటింట్లోకి వెళ్లి మిక్సీ తీగ ఊడబెరికి, కుక్కరు కింద మంట ఆర్పబోయాడు.

"మా నాన్నకి పచ్చికూరలు పెట్టమంటారా?" అంది భార్య, చేయి అడ్డుపెట్టి.

"నీకు కూర కావాలా, మీ అమ్మ గొంతు కావాలా?"

ఆవిడ అడ్డుపెట్టిన చేయి తీసేసింది. తరవాత తనే స్టవ్ కట్టేసింది. "ఆ పాటలో మాటలన్నీ నాకు వచ్చు," అంది. "అమ్మ వాటిని ఎలా పలికేదో అదే మర్చిపోతున్నానండీ. ఎంత గుర్తు చేసుకున్నా నా గొంతే వినిపిస్తోంది. అది బావగారి అద్దాల పెట్టెలోకి వెళ్లిపోతే ఇంక నేను ఈ జన్మలో వినను."

ఆడిటరుకి గుండె చివుక్కుమంది. వెంటనే పట్టుదల వచ్చింది. పట్టుదల వచ్చిన ఆడిటరు ప్రమాదకరమైన మనిషి.

ఇంట్లో చప్పుళ్లు అణిగేసరికి బయటివి బయటపడ్డాయి. పైన ఎవరో దబదబ గెంతుతున్నారు. ఎదురింట్లో కుట్టుమిషను టకటకలాడుతోంది. కింద నీళ్ల మోటారు రొద పెడుతోంది. ఆడిటరు ఉన్నపళంగా బయటికి నడిచాడు. స్నానం లేదు. జుట్టు రేగిపోయి ఉంది. బల్ల వెనక దుమ్ము పడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నించీ ఆ దోమ వినపడుతుందో లేదోనని గుసగుసగానే మాట్లాడుతున్నాడేమో, గొంతు అక్కడే ఉండిపోయింది.

పై ఇంట్లో వ్యాయామం మాస్టారు చేతిలో గెంతే తాడుతో తలుపు తీశారు.

"మాస్టారూ, ఒక్క సాయం. మధ్యాహ్నం దాకా ఈ గెంతడం ఆపగలరా?"

"ఏమైందండీ? అలా ఉన్నారేం?"

ఉన్నమాట చెప్పడానికి ఆడిటరుకి నోరు రాలేదు. పోయిన నెల అపార్ట్‌మెంట్ మీటింగులో ఇతనే నిలబడి, "మా సెట్టు పూర్తిగా పెంచితే మీ కిటికీ అద్దాలకి నాది పూచీ కాదు" అని అందరినీ హెచ్చరించాడు. ఇప్పుడు దోమ సంగతి ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? కాసేపు నీళ్లు నమిలి, "మా మామగారి విషయం లెండి," అన్నాడు.

"అయ్యో! పరిస్థితి ఎలా ఉంది?"

"ఏం లాభం కనిపించట్లేదు. చెయ్యాల్సిందంతా చేశాం."

"మీ ఆవిడ?"

"ఇంకా ఆశ వదులుకోలేదు."

"ఎవరికైనా చూపించారా?"

"ఇంకెవరికి చూపిస్తాం మాస్టారూ, టైమేదీ? మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది."

మాస్టారు తాడుని నెమ్మదిగా చుట్టి, జేబులో పెట్టుకుని, ఆడిటరు భుజం నొక్కారు. సంగతేమిటో తెలియకుండానే ఇంతగా బాధపడే మనిషి ఉన్నాడా అని ఆడిటరుకి కళ్లు చెమర్చాయి. అవి చూసి మాస్టారికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

ఎదురింటి టైలరమ్మ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఒక పొడుగాటి గౌను కుడుతోంది. సాయంత్రానికి ఇవ్వాల్సిన పని. ఆడిటరు చేతులు జోడించినంత పని చేసి, కాసేపు మిషను ఆపమన్నాడు.

"మామగారు అడిగింది ఒక్కటేనమ్మా. మా అత్తగారి గొంతు వినాలంటున్నారు."

టైలరమ్మ గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది. "మీ అత్తగారు పోయి చాలా ఏళ్లయిందని మీ ఆవిడ చెప్పిందే?"

"అవును. అయినా వినపడాల్సిందేనంటున్నారు. పొద్దున సన్నగా వినపడింది కూడా."

"వినపడిందా?"

"నేనూ విన్నాగా. కానీ మరీ సన్నగా. ఇంకాస్త దగ్గరగా రావాలి."

టైలరమ్మ మిషను మీద దుప్పటి కప్పేసింది. "మా నాయనమ్మకి కూడా ఇలాగే..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇంక మిగిలింది నీళ్ల మోటారు. దాని తాళం అపార్ట్‌మెంట్ సెక్రటరీగారి దగ్గర ఉంటుంది. ఆయన ఏ పనినైనా పదిమందితో చేయించందే నిద్రపోని మనిషి. ఆడిటరు కిందికి దిగేసరికే మోటారు ఆగిపోయి ఉంది. మాస్టారి నుంచి కబురు అందింది.

"మీరేం చెప్పక్కర్లేదు," అన్నారు సెక్రటరీగారు, ఆడిటరు చేతులు రెండూ పట్టుకుని. "నాకు తెలిసింది. ఇందులో దాచుకోవడానికేముందండీ? ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే."

మాస్టారు అసలు సంగతి పసిగట్టేశారన్నమాట! ఆడిటరుకి ముందు సిగ్గేసింది. తరవాత, ప్రతి ఇంట్లోనూ సెట్లు ఇలాగే ఏడుస్తున్నాయని తెలిసి కొంత ఊరట కలిగింది.

"కుర్చీలు ఎన్ని పంపమంటారు?"

"కుర్చీలెందుకండీ?"

"అదేమిటి? జనం వస్తారు కదా!"

ఆడిటరుకి గుండెల్లో రాయి పడింది. ఒక్క మామగారికి వినిపించడానికే ఊపిరి బిగపట్టాల్సి వస్తోంటే, అపార్ట్‌మెంటంతా పాట వినడానికి వస్తుందా? కానీ అంత ఆప్యాయంగా అడిగినాయనతో వద్దని ఎలా అంటాడు? "మీ ఇష్టం," అని మెట్లెక్కేశాడు.

సెక్రటరీగారు రంగంలోకి దిగాక నిశ్శబ్దం ఒక్కో అంతస్తూ ఎక్కుతూ వచ్చింది. టీవీలు ఆగిపోయాయి. లిఫ్టు మూలుగుతుందని దాన్నీ ఆపేశారు. ఆవరణలో బంతాట మానేసి పిల్లలు అరుగుల మీద బుద్ధిగా కూర్చున్నారు. కింది ఇంటి కుక్క ఒకసారి మొరగడానికి నోరు తెరిచి, ఎక్కడా ఏ తోడూ దొరక్క మూసేసుకుంది. కొత్తగా కొన్న ప్లాస్టిక్ కుర్చీలు గోడలకి తగలకుండా ఒకటొకటిగా పైకి వచ్చి, సగం ఆడిటరు హాల్లోనూ సగం బయట వరండాలోనూ వరసల్లో కూర్చున్నాయి. వాటి వెనకే మనుషులు మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చారు. అందరి మొహాలూ ఇంతేసి పొడుగున ఉన్నాయి.

"రండి, కూర్చోండి," అన్నాడు ఆడిటరు గుసగుసగా. "ఇంకాసేపట్లో మొదలవుతుంది."

"మొదలవుతుందా?" అన్నారు సెక్రటరీగారు.

"మొదలైతే ఎక్కువసేపు ఉండదు లెండి. మహా అయితే మూడు నాలుగు నిమిషాలు."

"బాధేమీ ఉండదంటారా?"

"బాధేముందండీ? హాయిగా జోలపాటే కదా!"

సెక్రటరీగారు జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. ఆడిటరు గుండె నిబ్బరం చూసి ఆయనకి గౌరవం కలిగింది; కొంచెం భయం కూడా కలిగింది.

అటు వంటింట్లో టైలరమ్మ, ఆడిటరు భార్యని గుండెకి హత్తుకుంది. "ధైర్యంగా ఉండాలి చెల్లీ."

"ఎక్కణ్ణించి వస్తుందక్కా ధైర్యం? ఇక్కడ లాభం లేదంటే మా అక్కయ్యవాళ్లింటికి తీసుకుపోతారట. అక్కడ అద్దాల పెట్టెలో పెడతారు."

"అప్పుడే అద్దాల పెట్టె దాకా ఆలోచించారా?"

"అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. తాళం కూడా వేస్తారు."

"తాళమెందుకమ్మా?"

"ఎవరూ ముట్టుకోకుండా."

టైలరమ్మ పట్టు తప్పి స్టూలు మీద కూలబడింది. ఆ అక్కయ్య మొగుణ్ణి ఎప్పటికీ క్షమించకూడదని అప్పటికప్పుడు నిర్ణయించుకుంది.

సరిగ్గా ఆ సమయానికి మామగారు బస్సు దిగారు. వాళ్లు ఈ ఇంట్లోకి మారాక ఆయన రావడం ఇదే మొదలు. అపార్ట్‌మెంట్‌లో ఆయన మొహం ఎరిగినవాళ్లు లేరు. లిఫ్టు కదలకపోయేసరికి మెట్లెక్కి, ఆయాసపడుతూ వరండాలోకి వచ్చారు. బారులు తీరిన కుర్చీలూ వంచిన తలలూ చూసి, ఇదేదో జరగకూడనిది జరిగిన చోటని గ్రహించి, మర్యాదగా సెక్రటరీగారి పక్క కుర్చీలో కూర్చున్నారు. తన ఉద్దేశంలో గుసగుసగా, "ఎవరండీ?" అని అడిగారు. పై అంతస్తులో ఎవరో ఉలిక్కిపడ్డారు.

"మెల్లగా!" అన్నారు సెక్రటరీగారు ఆయన చెవి దగ్గరికి వంగి. "ఒక పెద్దాయన. ఇంచుమించు మీ వయసే."

"పాపం! ఏమిటి జబ్బు?"

"జబ్బని కాదు. పోయిన భార్య గొంతు వినిపిస్తోందట."

మామగారి మొహం వెలిగిపోయింది. "అదృష్టవంతుడు! నేనూ అందుకే వచ్చాను!" అన్నారు.

సెక్రటరీగారు తన కుర్చీని అరంగుళం పక్కకి జరుపుకున్నారు. కానీ ఆ గొంతు అప్పటికే గోడలు దాటి వంటింట్లోకి వెళ్లింది. ఆడిటరు భార్య కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుంటూ పరుగెత్తుకొచ్చి, "నాన్నా! వచ్చేశావా? ఇక్కడ కూర్చున్నావేం?" అంది.

ఆ మాటతో వరండాలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. సెక్రటరీగారు లేవబోయి కుర్చీతో సహా పడ్డారు. వెనకే వచ్చిన టైలరమ్మ గుమ్మాన్ని పట్టుకుని కెవ్వుమంది. హాల్లో ఉన్న వ్యాయామం మాస్టారు, ఎంత కసరత్తు చేసిన మనిషైనా, రెండడుగులు వెనక్కి వేసి సెట్టు ఉన్న బల్లని గుద్దుకున్నారు. బల్ల గిర్రున సగం తిరిగింది. వెనక తీగలు ఊడి నేల మీద పడ్డాయి.

"అసలేం జరుగుతోందిక్కడ? ఎవరే పోయింది?" అని గర్జించారు మామగారు.

"మీరే!" అంది టైలరమ్మ.

"నేనా? ఎప్పుడు?"

"ఇంకా పోలేదు లెండి. మధ్యాహ్నానికల్లా అని చెప్పారు."

అందరి కళ్లూ ఆడిటరు వైపు తిరిగాయి. ఆడిటరు బిక్కచచ్చిపోయి, ఆ రోజు మొదటిసారిగా మామూలు గొంతుతో మాట్లాడాడు. "సౌండు రావట్లేదు మామయ్యగారూ. ఎంత పెంచినా పెరగలేదు. అందుకని మిగతావి తగ్గించాను."

"మిగతావంటే?"

"మా ఫ్యాను నుంచి వీళ్ల లిఫ్టు దాకా అన్నీ. ఇంక ఆపడానికి నా ఊపిరి ఒక్కటే మిగిలింది."

ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి ఇవ్వాల్సిన గౌను గుర్తొచ్చి టైలరమ్మ మొహం ఎర్రబడింది. మామగారు కుర్చీల వరసల్ని ఒకసారి ఆ చివర్నించి ఈ చివరి దాకా చూశారు.

"నా చావుకి ఏర్పాట్లు బాగానే చేశావయ్యా అల్లుడూ. వంక పెట్టడానికి లేదు. మీ అత్తగారి పాట ఒక్కటి వినిపించలేకపోయావు. అమ్మాయ్, దాన్ని పెట్టెలో సర్దెయ్. పెద్దల్లుడికి ఫోన్ చేస్తా."

జేబులోంచి ఫోను తీశారు కూడా. ఆడిటరు భార్య ఆయన చేయి పట్టుకుని ఆపింది. "ఒక్క నిమిషం నాన్నా, ఊడిన తీగలు పెట్టేసి ఒకసారి చూస్తా," అని బల్ల వెనక మోకాళ్ల మీద కూర్చుంది. పొద్దున్నించీ ఆ వెనకభాగం ఆవిడ కంటబడడం ఇదే మొదలు. అవతలివాళ్లచేత రోజంతా చీమల్లాంటి అక్షరాలు చదివించే మనిషి. ఆవిడ కన్ను తిన్నగా ఒకచోట ఆగింది.

"ఏమండీ, ఇక్కడ ఒక కన్నాల జత పక్కన చిన్న రికార్డు బొమ్మ వేసి ఉంది."

"ఉంటే?"

"రికార్డు తీగ అందులో పెట్టాలేమో."

"అందులో ఇన్నేళ్లూ ఏమీ పెట్టలేదే," అన్నాడు ఆడిటరు నీరసంగా.

ఆవిడ పెట్టేసింది. రికార్డు మీద ముల్లు పుట్టించే శబ్దం పుట్టుకతోనే బక్కది. దాన్ని ముందు మేపి, పెంచి, ఆ తరవాత స్పీకర్లకి పంపే ఏర్పాటు ఆ బొమ్మ వెనక కన్నాలకి మాత్రమే ఉంది. టేపు రికార్డరు కన్నాల్లోకి అప్పటికే కండపట్టిన శబ్దం రావాలి. ఇదంతా ఆడిటరు తరవాత తెలుసుకున్నాడు. వాల్యూమ్ మర ఇక తిరగనంత వరకూ తిప్పి ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మామగారు తనే వచ్చి ముల్లు ఆనించి, వెళ్లి స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చున్నారు.

"చప్పుడు చెయ్యక రావే నిదురమ్మా, చంటిది ఉలిక్కిపడేను..."

కిటికీలు దడదడలాడాయి. వంటింట్లో గరిటెలు గోడ మీంచి దూకాయి. కింది ఇంటి కుక్క పొద్దున్నించీ దాచుకున్నదంతా ఒక్కసారిగా మొరిగేసింది. ఎదురు భవనం బాల్కనీల్లోకి జనం వచ్చేశారు. జోలపాటకి అంతమంది నిద్రలేవడం ఎక్కడా జరిగి ఉండదు. మామగారు రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని, కళ్లు ఇంత చేసుకుని, కుర్చీకి అతుక్కుపోయారు. ఆడిటరు మర వైపు చేయి చాచాడు. భార్య ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"తగ్గించొద్దు!" అని అరిచింది. ఆవిడ మొహమంతా కన్నీళ్లే. "అమ్మేనండీ! అచ్చం అమ్మే!"

పాట అయిపోవస్తుండగా మామగారికి ఏదో గుర్తొచ్చినట్టయింది. చెవుల్లోంచి వేళ్లు తీసి, కుర్చీలోంచి గభాలున లేచి టర్న్‌టేబుల్ వైపు ఉరికారు. మధ్యలో సెక్రటరీగారు సర్దించిన మూడు వరసల కుర్చీలున్నాయి. మొదటి వరసలోనే ఆయన కాలు ఇరుక్కుంది. పాట ఆగింది. ముల్లు మాత్రం ఆగలేదు. స్పీకర్లలో తలుపు కిర్రుమంది. ఒక కుర్ర మగ గొంతు హుషారుగా, "నేనూ ఒకటి పాడతానే!" అంది.

"అమ్మో, తలుపెయ్యండెవరైనా!" అంది పాట పాడిన గొంతే. "ఈయన పాడితే మిల్లు మూసేస్తారు!"

ఆ వెంటనే ఒక నవ్వు వినిపించింది. ఆపుకోవాలనుకుని ఆపుకోలేక, మధ్యలో ఊపిరి అందక, మళ్లీ మొదటికొచ్చే నవ్వు. కుర్ర గొంతు దేన్నీ లెక్కచెయ్యకుండా రాగం అందుకుంది. మిల్లు గురించి ఆవిడ అన్నదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు. ఒక్క లైను అయ్యేసరికి రికార్డు నిండిపోయి, ముల్లు దానంతటదే పక్కకి జారింది.

మామగారు కుర్చీల మధ్య చిక్కుకుని, తప్పు చేసి దొరికిన కుర్రాడిలా నిలబడ్డారు. "అక్కడ నేనెప్పుడూ ముల్లు ఎత్తేసేవాణ్ణి," అన్నారు. ఆయన ఇంత చిన్న గొంతుతో మాట్లాడడం కూతురు ఎన్నడూ వినలేదు.

"అమ్మ నవ్వు నాన్నా అది!" అందావిడ. "అమ్మ ఎలా నవ్వేదో నాకు గుర్తే లేదు. ఇన్నాళ్లూ దాచేశావా?"

"పిల్లల ముందు పరువు పోతుందని..." అని ఆగిపోయారు. కళ్లు తుడుచుకున్నారు. "నేనూ వినకుండా పోయానే తల్లీ. ఏదీ, ఇంకోసారి పెట్టు."

"పాటా?"

"పాట కాదు. తరవాతది."

ఆడిటరు మరని కిందికి తిప్పి, ముల్లుని చివరి గీతల మీద ఆనించాడు. ఇప్పుడు గొంతు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంది. మిల్లు మాట దగ్గర సెక్రటరీగారు పకపకా నవ్వి, చావింటికొచ్చిన సంగతి గుర్తొచ్చి నోరు నొక్కుకుని, చావు లేదని కూడా గుర్తొచ్చి మళ్లీ నవ్వారు. టైలరమ్మ సైతం నవ్వింది. మళ్లీ పెట్టారు, మళ్లీ పెట్టారు. ఆఖరికి మామగారు ఫోను తిరిగి జేబులో వేసుకుని, "అద్దాల పెట్టెలో దీనికి నవ్వడానికి చోటుండదు. ఇక్కడే ఉండనీ. నేను వారం వారం వచ్చి వింటా," అన్నారు. ఆడిటరు భార్య ఆయన భుజం మీద తల పెట్టుకుంది. ఆడిటరు అప్పటికి స్నానానికి వెళ్లాడు.

భోజనంలో కూర సగమే ఉడికింది. మామగారు వంక పెట్టకుండా తిన్నారు. బతికున్నందుకు ఆయన ఆ రోజు అందరితోనూ మంచిగా ఉన్నారు. సాయంత్రం బయలుదేరుతుంటే ఇరుగుపొరుగు వరండాలోకి వచ్చి సాగనంపారు. పొద్దుటి పొరపాటుకి ఏదో ఒక మంచి మాట అనాలని సెక్రటరీగారికి అనిపించి, "మీరు ఇప్పటికీ పాడుతుంటారా అండీ?" అని అడిగారు.

"ఎవరూ అడగందే ఎలా పాడతాను?" అని మామగారు అక్కడే మెట్ల మీద నిలబడి, ఒక చేత్తో పిట్టగోడ పట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

ఆయన రెండో చరణంలోకి వచ్చేసరికి లిఫ్టు నుంచి మిక్సీల దాకా అపార్ట్‌మెంట్‌లో తిరగగలిగిన మోటారు ప్రతి ఒక్కటీ తిరుగుతోంది.